చాచిన కాలు

"ఆ సీను తీసెయ్ అంటున్న గదా!" ఎల్లయ్య గొంతు మళ్ళీ లేచింది.

"తియ్య నాయినా. సినిమా మొత్తంల నవ్వొచ్చేదే ఆడ." ప్రవళిక ఫోను గుండెకు అదుముకుంది.

పొద్దుటి నుంచీ ఇంట్లో ఇదే లొల్లి.

ఇంటర్ చదివే ప్రవళిక ఫోనుతో చిన్న కామెడీ సినిమా తీస్తోంది. అందులో పెత్తనం చలాయించే అత్త వేషం బిక్షమ్మది. బిడ్డను చూడటానికి ఎస్సీ కాలనీకి వచ్చిన ఆ ముసలామెను మాటతీరు నచ్చి ప్రవళికే పట్టుకొచ్చింది. కోడలి వేషం చెల్లెలు హరితది.

గొడవల్లా ఆ కోడలు వంగి అత్త కాళ్ళు మొక్కడం దగ్గరే.

"మనింటి పిల్ల ఆమె కాళ్ళు మొక్కుడా? ఊర్ల తలెత్తుకుంటమా?" తల్లి కౌసల్య వంటింట్లోంచే అరిచింది.

"ఉత్తుత్తి మొక్కుడే గదమ్మా!"

"ఉత్తుత్తిదైనా మొక్కుడు మొక్కుడే." మంచం మీద నుంచి నాయనమ్మ శ్యామలమ్మ అందుకుంది. "ఆమెకు వాకిలూడ్చే వేషమియ్యి. ఎవలొద్దన్నరు?"

"అందరి సినిమాలల్ల అసొంటోళ్ళది ఊడ్చే వేషమే గదా అవ్వా. నా దాంట్ల గూడ గదేనా?"

"మస్తు మాటలు నేర్చినవ్."

అంతలో గేటు చప్పుడైంది. మిగిలిన షూటింగు కోసం బిక్షమ్మ వచ్చింది.

శ్యామలమ్మ గోడవైపు తిరిగిపోయింది. ఆ మనిషి ముఖమైనా చూడాలనిపించలేదు.

"ఆడ్నే ఆగు. ఇయ్యాల ఏం లేదు, పో."

"పిల్ల రమ్మన్నదమ్మా."

"పిల్ల రమ్మంటే వస్తవా? మా పిల్లతోని కాళ్ళు మొక్కిచ్చుకుంటందుకు సిగ్గనిపియ్యలే?"

బిక్షమ్మ గేటు మీది చెయ్యి తీసేసింది.

"మొకాన వేషం పసుపున్నంత సేపే మీ దండాలు. మొకం కడిగితే నేనెవలో యాదికొస్తది మీకు. నాకు కొత్తేం గాదులే తల్లీ."

బిక్షమ్మ వెళ్ళిపోయింది. వెనకాలే పరుగెత్తిన హరిత ఎండన పడి తిరిగొచ్చింది.

"వాళ్ళూరికి పోతనని నకిరేకల్ బస్సెక్కింది. మీ ఊరి మొకం మళ్ళ చూడ అన్నది."

"పీడ పోయింది," అన్నాడు ఎల్లయ్య. "ఇగ తీసెయ్."

ప్రవళిక కళ్ళు తుడుచుకుంది. "తీసేస్త. ఒక్కసారి అవ్వను చూడనియ్యి. చూడకుండనే తిడుతున్నది."

ఫోను నాయనమ్మ ముందు పెట్టింది.

తెర మీద ముఖం నిండా పసుపు పట్టించుకున్న అత్త. కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. పాలాయన వచ్చాడు. అత్త పలకలేదు, మొక్కమన్నట్టు కుడికాలు ముందుకు చాచింది. కరెంటు బిల్లాయన వచ్చాడు. మళ్ళీ కాలు.

ఎల్లయ్య వద్దనుకుంటూనే నవ్వేశాడు. కౌసల్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పసుపు, కాలు సాచుడు ఆమె సొంతంగ చేసినయే. నేను చెప్పలే," అంది ప్రవళిక.

హరిత వంగి మొక్కింది. తెరలోంచి బొంగురు గొంతు వినిపించింది.

"లే బిడ్డా. నీ ఒడి నింపుత."

శ్యామలమ్మ నవ్వలేదు.

"మళ్ళ పెట్టు," అంది.

మళ్ళీ చూసింది. మళ్ళీ వింది. కొంగు తల మీదికి లాక్కుని మంచం దిగి నేల మీద కూర్చుంది.

"ఏమైందమ్మా?" ఎల్లయ్య కంగారుపడ్డాడు.

శ్యామలమ్మ అందరి ముఖాలూ చూసింది. గొంతు పెంచకుండానే చెప్పింది.

"ఆ సీను ఎవ్వలు ముట్టద్దు. రేపు పొద్దుగాల నకిరేకల్ బస్సు నేనెక్కుతున్న."

"ఎందుకు? ఆమె కోసమా? ఆమె ఎవలని?"

"పెండ్లయి ఎన్నేండ్లయినా నాకు కడుపు పండకపోతే, మా అవ్వగారి ఊర్ల చిందోళ్ళ భాగోతం ఆటల పసుపు మొకంతోని ఎల్లమ్మ తల్లి వేషం కట్టి, నా ముందర గిట్లనే కాలు సాచి ఒడి నింపుత అన్నది గామెనే ఎల్లయ్యా, గా కాలు మొక్కినంకనే నువ్వు పుట్టినవ్."