దక్షిణపు తాడు

"మాలకొండయ్యా, ఇట్రా నాయనా. నూనె కాగింది."

ముసలమ్మ వాకిట్లో గిన్నె పెట్టుకుని కూర్చుంది. కళ్ళు పోయి చాలాకాలమైంది. వాడొచ్చి ఆమె ముందు కూర్చున్నాడు. వల తాడు ఒరుసుకున్నచోట కొడుకులిద్దరికీ నూనె రాయడం ఆమెకు ఏళ్ళనాటి అలవాటు. ముందు ఎడమ భుజానికి పట్టించింది. తర్వాత కుడి భుజం తడిమింది.

"ఇది ఇంకా పెరగాలబ్బయా."

"ఊఁ."

ఎండాకాలం మొదట్లో నెల్లూరులో కండల పోటీ. కప్పు తెచ్చి చేతిలో పెడతానని మాలకొండయ్య తల్లికి మాటిచ్చింది తుఫానుకు ముందు. ఆ కప్పు తడిమి చూసేదాకా చావనని ముసలమ్మ జువ్వలదిన్నెలో కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఆమె ప్రాణమంతా ఆ కప్పు మీదే ఉంది.

తుఫాను రోజు కొడుకులిద్దరూ ఒకే తెప్ప మీద పోయారు. ఒక్కడే ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ముసలమ్మ ఇసుకలో దేక్కుంటూ వచ్చి ఆ తడి ఒళ్ళు వాటేసుకుంది.

"మాలకొండయ్యేనా?"

"ఆఁ."

"కామాక్షయ్యేడిరా?"

వాడు ఆమె చెయ్యి పట్టుకుని ఇంటివైపు నడిచాడు. ఆనాటినుంచీ వాడికి మాటే లేదు. ఏమడిగినా ఆఁ, ఊఁ. ఏడుపు కూడా రాలేదు. ఉప్పునీళ్ళలో నానిన చెయ్యిలా మనిషి మొద్దుబారిపోయాడు. అయినా పోటీకి మాత్రం సిద్ధమయ్యాడు.

బిట్రగుంటలో జీవానందం మాస్టారు కండలు పెంచడం నేర్పుతాడని విని, నడిచిపోయి ఆయన ముందు నిలబడ్డాడు. చొక్కా విప్పించి చూసి మాస్టారు తల పట్టుకున్నాడు.

"అలివి వల లాగేవాళ్ళతో ఇదే తంటా! ఏ తాడు పట్టినవాడు బతుకంతా ఆ తాడే లాగుతాడు. ఎడమ భుజం చూడు, దిమ్మలాగుంది. కుడిది చూడబోతే పిల్లాడి భుజం. ఇట్లా పోతే జడ్జీలు నవ్వుతారయ్యా. తాడు మార్చు."

ఒడ్డున తాడు మార్చడం మాటలు కాదు. వల రెండు కొసలకూ రెండు తాళ్ళు, ఒడ్డు మీంచి రెండు జట్లు లాగుతాయి; ఎవరి చోటు వాళ్ళది. ఉత్తరపు తాడు ఎడమ భుజానికి ఆనుతుంది, దక్షిణపు తాడు కుడి భుజానికి. తుఫాను తర్వాత దక్షిణపు తాడు మీద ఒక మనిషి చోటు ఖాళీగానే ఉంది. వాడు పోయి అక్కడ నిలబడ్డాడు. లాగేవాళ్ళ పెద్ద ముత్యాలయ్య వాడివంక చూసి, మొహం తిప్పుకున్నాడు.

"పట్టు. ఎవురూ ఏమీ అనరులే."

పొద్దున వల లాగడం, సాయంత్రం మాస్టారు చెప్పిన బస్కీలు, దండాలు. పచ్చిగుడ్లు మింగాడు. రాగిసంకటి తిన్నాడు. రుచీ పచీ తెలియలేదు. కుడి భుజం మాత్రం మెల్లగా లేచింది. రోజూ తల్లి చేతులు తడిమి చూసేవి.

"అట్టా. అట్టా రావాల."

ఆమె మొహం విప్పారితే వాడికి భయమేసేది. వాడికి మిగిలిందల్లా ఆ భయమొక్కటే.

పోటీ రోజున మాస్టారు వాడిని ప్యాసింజరు బండిలో నెల్లూరు తీసుకుపోయాడు. ఒళ్ళంతా నూనె పూసి వేదిక ఎక్కించాడు. వాడు చెప్పినట్టల్లా కండలు బిగించి చూపించాడు. కాసేపటికి మైకులో పిలిచారు.

"రెండో బహుమతి, జువ్వలదిన్నె మాలకొండయ్య!"

వాడు కదల్లేదు. మాస్టారు వెనకనుంచి వీపు మీద చరిచాడు.

"నిన్నేనయ్యా! పిలుస్తుంటే వినబడ్డంలా?"

చప్పట్లు మోగాయి. వాడికి ఏమీ అనిపించలేదు. కప్పు తువ్వాలులో చుట్టుకుని బండెక్కాడు.

ఇల్లు చేరేసరికి మర్నాడు పొద్దుగూకుతోంది. ముసలమ్మ గూట్లో దీపం పెడుతోంది. తిరిగిరాని బిడ్డకు రోజూ పెట్టే దీపం అది. ఆ బిడ్డ పేరు మాత్రం ఏనాడూ పైకి అనలేదు.

కప్పు ఆమె చేతుల్లో పెట్టాడు. అంచు చుట్టూ వేళ్ళతో తడిమింది. బుగ్గకు ఆనించుకుంది. తర్వాత వాడి భుజాలు రెండూ పట్టి చూసింది. సమానంగా ఉన్నాయి.

"మాట నిలబడింది నాయనా," అంది. కళ్ళు కారిపోతున్నాయి. కప్పు తిరిగి వాడి చేతికిచ్చింది.

"దీన్ని దీపం కాడ పెట్టు కామాక్షీ, మీ అన్నది గదా."