నడిస్తేనే నిలిచే దారి

ఒక పెరట్లో రుబ్బురోలు కింద చీమలు కాపురముండేవి. వాన ముసురుకొస్తే గుడ్లు నోట కరుచుకుని గోడ మీది బీటలోకి చేరేవి. బీటకు దారి చూపేది చీమలు నడుస్తూ నేల మీద వదిలిన వాసనే. నడిచే కాళ్ళు తగ్గాయంటే ఆ వాసనా ఆరిపోతుంది. నల్లచీమ నాంచారికి ఈ సంగతి బాగా తెలుసు.

గండుచీమ మాత్రం దారికి అడ్డంగా నిలబడింది. "కుడితి తొట్టి కింది చీమలు ఇటు రాకూడదు. ఈ దారి మనది."

"మనదెట్లా అవుతుందన్నా? అందరి కాళ్ళూ కలిసి వేసిందిది," అంది నాంచారి.

"అందరూ నడిస్తే దారి అరిగిపోదూ?"

తొట్టి చీమలు రావడం మానేశాయి. రాకపోకలు పలచబడ్డాయి. దారిని దుమ్ము కప్పేసింది. ఒకనాడు మబ్బు పట్టింది. గుడ్లతో బయల్దేరిన చీమలు దారి దొరక్క రోలు చుట్టూనే తిరగసాగాయి. అన్నిటికంటే ముందు గండుచీమే తిరుగుతోంది.

నాంచారి తిన్నగా కుడితి తొట్టి దగ్గరికి వెళ్ళింది.

"మమ్మల్ని రావద్దన్నారుగా?" అంది అక్కడి ముసలిచీమ.

"అన్నవాడే దారి తప్పాడత్తా. పాపం గుడ్లేం చేశాయి? మీ గుడ్లూ తీసుకుని రండి."

నాంచారి మిగిలిన కాస్త వాసన పట్టుకుని, అంగుళం అంగుళం వెతుక్కుంటూ ముందు నడిచింది. దాని వెనక తొట్టి చీమలు, వాటి వెనక రోలు చీమలు. నడిచేకొద్దీ వాసన చిక్కబడింది.

తొలి చినుకు పడింది. గండుచీమ గుడ్డు కరుచుకుని, తల వంచుకుని పక్కన నిలబడిపోయింది.

"నిలబడకు అన్నా, నడువు," అంది నాంచారి. "వెనక వచ్చేవాళ్ళకు నీ కాళ్ళ వాసన కూడా కావాలి."