కొత్త మందు, పాత మందు

"మూడేండ్ల సంది ఫిట్స్ రాలే సారూ. మంచిగ పనిచేసే గోలీ ఎందుకు మారుస్తున్నరు?" అని అడిగింది రెబెకా.

బోధన్ బస్టాండ్ దగ్గర ఆమెది మిర్చీల బండి. కాగే నూనె ముందు నిలబడ్డప్పుడు ఒక్కసారి ఫిట్స్ వస్తే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డాక్టర్ మధుకర్ తలెత్తలేదు. ప్రశ్న అడిగే రోగి మన డాక్టర్లకు ఫిట్స్ కన్నా పెద్ద జబ్బు మరి!

"ఇది సైన్స్. ఫిట్స్ వస్తే చేతిల ఇనుము పెట్టేటోళ్లు మీరు. మీకేం సమజైతది?"

"సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

"డాక్టర్ నువ్వా, నేనా? మింగుమంటే మింగాలె!"

రెబెకా మందుల చీటీ అందుకోబోతూ కుర్చీలోంచి జారి నేల మీద పడింది. కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది.

డాక్టర్ ఒక్క ఉదుటున బల్ల దాటి వచ్చాడు. జేబులోంచి తాళాల గుత్తి లాగి, ఆమె గుప్పిట్లో పెట్టి గట్టిగా మూశాడు.

"ఇడవకు! ఇనుము ఇడవకు!" అని అరిచాడు.

కొట్టుకోవడం టక్కున ఆగిపోయింది. రెబెకా ఒక కన్ను తెరిచి గుప్పిట్లోకి చూసుకుంది.

"సారూ, గిది కొత్త మందా, పాత మందా?"

రెబెకా లేచి, చీర దులుపుకుని, కుర్చీలో నిమ్మళంగా కూర్చుంది. తాళాలు మాత్రం కొంగుకు ముడేసుకుంది.

"గోలీ ఎందుకు మారుస్తున్నరో చెప్పుండ్రి. తాళాలు తీస్కొని ఇంటికి పోండ్రి."