గుర్రం పెట్టె

“నూట అరవై రెండు ఓట్లు! అండ్ల నాకు ఒక్కటి రాలే. ఒక్కటంటె ఒక్కటి! ఎవడు చెప్పిండురా మీకు?”

గడీ ముందు ఎండలో నిలబడ్డ వాళ్లెవరూ తలెత్తలేదు. ఊరికి అవతల ఉన్న వాడ జనం వాళ్లు. కబురు రాగానే ముసలీ ముతకా కూడా వచ్చి, ఎప్పుడూ ఆగే చోటనే ఆగిపోయారు.

ముకుందరావు దొర అరుగు మీద కుర్చీలో కూర్చోలేక లేచాడు. రజాకార్లు పోయాక వచ్చిన మొదటి అసెంబ్లీ ఎలక్షన్లు ఇవి. చెన్నూరు వకీలు చేతిలో ఆయన తొంభై ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. కానీ ఆయనను తొలుస్తున్నది ఓటమి కాదు. నిన్న లెక్కింపులో వాడ పోలింగ్ బూత్ పెట్టెలు తెరిచినప్పుడు ఆయన ఎదురుగానే ఉన్నాడు. ఎవరి పెట్టె వాళ్లది. తెర వెనక్కు పోయి, ఇష్టమైనవాడి పెట్టెలో కాగితం వేసి రావడమే ఓటు. పడవ బొమ్మ అంటించిన వకీలు పెట్టె మూత తీయగానే కాగితాలు పొంగుకొచ్చాయి. గుర్రం బొమ్మ ఉన్న తన పెట్టెను ఆఫీసరు తలకిందులు చేసి, అడుగున అరచేత్తో తట్టాడు. ఏమీ రాలలేదు. ఆ ఖాళీ రేకు చప్పుడు ఇంకా దొర పుర్రెలో మోగుతూనే ఉంది.

“గంగయ్యా! నువ్వు వీళ్లకు చెప్పినవా, లేదా?”

గుమాస్తా గంగయ్య చేతులు కట్టుకున్నాడు. “నెల దినాలు చెప్పిన దొరా. బొమ్మ గీసి ఇల్లిల్లు తిరిగి చూపెట్టిన. మీరే అడుగుండ్రి.”

“ఏయ్ హనుమండ్లూ, గుర్రం పెట్టె ఎవలదిరా?”

“దొరది.”

“పడవ?”

“వకీలు సాబుది.”

గంగయ్య ముందుకు ఉరికాడు. “లస్మవ్వా, మొగని పేరన్న మర్చిపో గని గుర్రం మర్చిపోకు అన్ననా లేదా?”

“అన్నవు.”

“మర్చిపోయినవా మరి?”

“మొగని పేరు ఎట్లాగు నోటెంట చెప్పొద్దాయె. గుర్రం ఎందుకు మర్చిపోత?”

వెనక ఎవరికో నవ్వు వచ్చి, దగ్గుగా మారింది. దొర వినలేదు. ఆయన వాళ్ల ముఖాలు చూస్తున్నాడు.

తెలుసు. అందరికీ తెలుసు. తెలిసే చేశారు.

తెలియక చేసి ఉంటే ఆయన నవ్వేసేవాడేమో. ఇన్నేళ్లుగా ఈ తలల్లో ఏముందో మబ్బును చూసి వాన చెప్పినంత సులువుగా చెప్పగలననుకున్నాడు. ఆకలి తెలుసు, భయం తెలుసు, దొంగ ఏడుపు తెలుసు. ఇప్పుడు ద్వేషం కోసం ఒక్కొక్క ముఖమూ వెతికాడు. ఎక్కడా దొరకలేదు. దొరికి ఉంటే కాస్త ఊపిరి ఆడేది. ఇంతమంది లోపలా తనకు తెలియని గది ఒకటి ఉందనీ, ఏళ్ల తరబడి అందులో అందరూ కలిసి కూర్చుని తన గురించి మాట్లాడుకుంటున్నారనీ ఆయనకు అనిపించింది.

“ఆ వకీలు మీకేమిచ్చిండురా?”

“ఏమియ్యలే దొరా. మా వాడకు రానేరాలే,” అన్నాడు అంతయ్య. వాడకు పెద్ద ఆయనే.

“ఎర్రజెండ సంఘమోళ్లు వచ్చిండ్రా?”

“ఎవ్వలు రాలే.”

“ఎవ్వలు రాకుంటె అందరికి ఒక్కటే బుద్ధి ఎట్ల పుట్టింది? పొద్దుగూకేలోపల నేర్పినోని పేరు చెప్పాలె. లేకుంటె ఒక్క గుడిసె మీద కప్పుండది. పిల్లాజెల్లను తీసుకొని ఊరిడిచి పోవాలె. గంగయ్యా, మనుషులను పిలువు!”

ఆడవాళ్లు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. పోశవ్వ చంటిదాన్ని పొదువుకుని ఉన్నచోటనే కూలబడింది. అంతయ్య మోకాళ్ల మీద పడ్డాడు.

“దొరా, ఏం తప్పు చేసినమో చెప్పి సంపు.”

“తెల్వదా? ఏం తెల్వనట్టు ఆడుతున్నవా? ఆ తెర ఎనుక ఏం చేసినవో చెప్పు. ఒక్కటి ఇడువకుండ చెప్పు.”

“చెప్పులు బయటిడిచిన. లోపటికి పోయిన. రెండు పెట్టెలున్నయి.”

“గుర్రం బొమ్మ కనపడ్డదా?”

“కనపడ్డది. దండం పెట్టిన.”

“దేనికి?”

“పెట్టెకే. నువ్వే కూసున్నట్టు అనిపిచ్చింది దొరా.”

దొర అరుగు అంచుకు వచ్చాడు. మెట్టు దిగి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన దగ్గరికొచ్చిన కొద్దీ అంతయ్య మోకాళ్ల మీదనే వెనక్కు జరిగాడు.

“దండం పెట్టి?”

“కాయితం పడవ పెట్టెల ఏసిన. అందరం గట్లనే ఏసినం.”

“దండం నాకు పెట్టి, ఓటు వానికేసినవా? నా పెట్టెల ఎందుకెయ్యలేదురా?”

అంతయ్య బిత్తరపోయి చుట్టూ చూశాడు. ఏడుపులు ఆగిపోయాయి. దొర నోట అలాంటి మాట వినడమే వింతైనట్టు వాడ మొత్తం నోళ్లు తెరిచి నిలబడింది. చివరికి ముసలి ఐలవ్వ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా అంది:

“మా చేతులు తాకితె నీ పెట్టె మైలపడదా దొరా?”