మూరన్నర జడ

జుట్టు రాలిపోయేదాకా ఆగనంది అక్క.

“అది నన్ను వదిలేసేలోపు నేనే దాన్ని వదిలేస్తా.”

కీమో మొదలవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. చెల్లెలు ఎంత చెప్పినా వినకుండా, ఆమెనే వెంటబెట్టుకుని వీధి చివరి పార్లర్‌కు వెళ్లింది.

ఆ పార్లరావిడను వీధంతా వసపిట్ట అనేది. నోటికి మూత ఉండదు. తన జుట్టు మాత్రం ఒక్క వెంట్రుకైనా చెదరదు.

కత్తెర ఆడినంతసేపూ ఆవిడ నోరూ ఆడింది. కీమో రోజున ఇష్టమైనవి తినకూడదట, తర్వాత ఇక జన్మలో వాటి మొహం చూడబుద్ధి కాదట. వికారంగా ఉంటే నిమ్మతొక్క వాసన చూడాలట.

పెద్ద డాక్టరు చదువు చదివినట్టు, అని చెల్లెలికి ఒళ్లు మండింది.

ఆమె కళ్లు తెగిన అక్క జడ మీదే ఉన్నాయి. అమ్మ పోయాక ఆ జడ కొస గుప్పిట్లో ఉంటేనే తనకు నిద్ర పట్టేది. ఇప్పుడూ అదొక్కటి దిండు కింద ఉంటే చాలనిపించింది.

చెయ్యి చాపింది.

వసపిట్ట జడను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టేసింది.

“ఇది నా దగ్గర ఉండనీమ్మా. కీమో రోజుకి అందుతుందిలే.”

మొహమాటం కొద్దీ చెల్లెలు ఊరుకుంది.

వారం పోయాక వెళ్తే పార్లర్‌కు తాళం. మర్నాడూ తాళమే.

అమ్ముకుని ఉంటుందని చెల్లెలు కనిపించిన వాళ్లందరికీ చెప్పింది. అక్క అప్పుడప్పుడు మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, లేని జడను ముందుకు వేసుకోబోయి ఆగిపోయేది. అది చూసినప్పుడల్లా చెల్లెలికి ఏడుపొచ్చేది.

కీమో రోజు రానే వచ్చింది. అక్కను కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, పార్లరావిడ ఇమ్మందంటూ నర్సు ఒక సంచీ అందించింది.

లోపల మెత్తటి నూలు టోపీ. దాని అంచు వెంబడి అక్క జుట్టే, వరసగా, ఒక్క పోగు వంకర లేకుండా కుట్టి ఉంది.

సంచీ అడుగున జడ కొస, రిబ్బనుతో సహా. దానికి కట్టిన చీటీ మీద ‘చెల్లెలికి’ అని రాసి ఉంది.

అక్క టోపీ పెట్టుకుంది. అద్దం అడగలేదు. చెల్లెలి మొహం వైపే చూసింది.

“ఆవిడ ఎక్కడున్నారండీ? నేను క్షమాపణ అడగాలి” అంది చెల్లెలు.

నర్సు ఆ కుర్చీ చేతి మీద చెయ్యి వేసింది.

“జ్వరమొచ్చి నాలుగు రోజుల కిందట పోయిందమ్మా. పోయిన వారం ఇదే కుర్చీలో, కుడిచేతికి మందు ఎక్కుతుంటే ఎడమచేత్తో ఇది కుట్టింది. కొలత సరిపోయిందా లేదా అని విగ్గు తీసి, తన బోడితలకే పెట్టుకుని చూసుకుంది.”