రాక్షసుడి పేరు

"ఆ ఒక్క పేరు పలకలేకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు రచయిత.

అద్దం అవతలి గదిలో, అతని మాయలోకపు నవలను చదివి రికార్డు చేస్తున్న ఆవిడ మళ్ళీ ప్రయత్నించింది. "ఝ్గ్రూఖ్... ఠ్..." దగ్గు ముంచుకొచ్చింది.

"ఇంట్లో ఎలా చదువుకున్నారమ్మా?"

"రాక్షసుడి పేరు వచ్చినచోటల్లా మా మామగారు అనుకుని చదివేశానండీ. అది వదలండి, నాకీ పని కావాలి."

"నేను మా ఓనరు అనుకున్నా సార్," అన్నాడు రికార్డింగు మీటల ముందు కూర్చున్నాయన.

"మీకు నోరే తిరగదు! మా ఆవిడ మూడు భాగాలూ చదివింది. విని నేర్చుకోండి."

భార్యకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "మన రాక్షసుడి పేరేంటో చెప్పవే."

"అందరి ముందా?"

"అందరూ వినాలనే!"

"నాకూ నోరు తిరగలేదండీ. మీరే అనుకుని చదివాను."

ఎవరూ నవ్వలేదు.

"చివర్లో వాడు చచ్చిపోతాడు కదా," అన్నాడు రచయిత మెల్లగా.

"అవునండీ. ఆ పేజీ అప్పుడప్పుడూ తీసి చదువుకుంటుంటాను."

అతను ఫోన్ జేబులో పెట్టుకుని, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆవిడ అద్దంలోంచి అతన్నే చూస్తూ, ఈసారి రాక్షసుడి పేరు ఎక్కడా తడబడకుండా పలికింది.