మర్డోకి వినబడని తూటా

"ఇదీ చప్పుడే క్లైవ్. వీధి చివరిదాకా వినబడుంటుంది," అంది ఎల్స్‌పెత్, తుపాకీ దించి.

తుపాకుల కొట్టు వెనక పెరట్లో, మట్టిగుట్టకు ఆనించిన అట్టముక్కకు ఇంకో చిల్లు పడింది. కొట్టు యజమాని క్లైవ్ తల గోక్కున్నాడు.

"సైలెన్సర్ బిగించాక ఇక వినబడేది తుపాకీ చప్పుడు కాదాంటీ. శబ్దంకన్నా వేగంగా పోయే గుండు దారంతా గాలిని చరుచుకుంటూ పోతుంది. దాన్ని ఎవరాపుతారు?"

"అయితే నెమ్మదిగా పోయేదివ్వు."

"ఈ చిన్నది చూడండి. చీమ తుమ్మినట్టుంటుంది."

"చీమ తుమ్మితే కుందేలు చస్తుందా? గాయంతో కుంటుకుంటూ పోతుంది. ఆ పాపం నాకొద్దు."

"అయితే ఇదే. గుండు బరువు, నడక నిదానం. దగ్గర్నుంచే కొట్టాలి మరి. దూరమైతే గుండు కిందికి జారిపోతుంది."

ఎల్స్‌పెత్ కాల్చింది. ఎవరో మెల్లగా తలుపు మూసినట్టు వినబడింది, అంతే. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఇంత గుట్టెందుకాంటీ?"

"మర్డోకి వినబడకూడదు."

క్లైవ్ ఏదో అనబోయి, తూటాల డబ్బా ఆమె చేతికిచ్చి ఊరుకున్నాడు.

ఒకప్పుడు ఆ ఒటాగో లోయలో ఆమె భర్త మర్డో గురికి తిరుగులేదు. కళ్లు మసకబారాక ఒక సాయంత్రం ఒక్క కుందేలూ పడలేదు. ఆ రాత్రి మహానుభావుడు తిండి ముట్టలేదు, మాట్లాడలేదు. మర్నాడు ఎల్స్‌పెత్ గడ్డి మడికి ఓ పక్కగా, పోప్లర్ చెట్ల కింద పడుకుని, ఆయన పేల్చిన క్షణంలోనే తనూ పేల్చింది. కుందేలు పడింది. మర్డో ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. ఆ నాటకం మూడేళ్లుగా నడుస్తోంది. మొన్న మాత్రం ఆయన, "నా తుపాకీ ఈమధ్య రెండుసార్లు పేలుతోందేమిటి ఎల్సీ?" అన్నాడు. నిజం తెలిసి ఈయన మళ్లీ ఆ మౌనంలోకి వెళ్లిపోతే తను తట్టుకోలేదు.

ఆ సాయంత్రం, "బాతులకి నీళ్లు పెట్టొస్తా," అంది.

"పెట్టిరా. ఈలోపు కూరకి కుందేలు సంగతి నేను చూస్తాను," అన్నాడు మర్డో, వరండాలో కుర్చీ సర్దుకుంటూ.

మీట నొక్కేముందు "రా నా బంగారం" అనడం ఆయన అలవాటు. ఆమెకు అదే సైగ. మొదటి కుందేలు పడింది. కొండల్లో ఆయన తుపాకీ ఒక్కటే మోగింది. రెండోదీ అంతే. ఎల్స్‌పెత్‌కు చెట్ల కింద పడుకున్నచోటే గంతులేయాలనిపించింది.

"రా నా బంగారం."

ఆమె నొక్కింది. కుందేలు ఒరిగింది. వరండాలో తుపాకీ మాత్రం టిక్కుమని ఊరుకుంది. ఆయన తూటా పేలలేదు.

ఆమె పాత తూటా అయితే దాని మోతను ఆయన తన తుపాకీ మోతే అనుకునేవాడు. ఇప్పుడు లోయంతా నిశ్శబ్దం. కుక్క మాత్రం ఎప్పటిలాగే పరుగెత్తి, కుందేలును తెచ్చి ఆయన కాళ్లదగ్గర పెట్టింది.

ఎల్స్‌పెత్ తుపాకీ పట్టుకునే వరండా మెట్లెక్కింది. మర్డో వంగి కుందేలును తడిమాడు.

"పేలకుండానే పడింది. నా గురి మరీ ముదిరిపోయింది ఎల్సీ."

"నన్ను తిట్టు మర్డో. నువ్వు మళ్లీ తిండి మానేస్తావని..."

"కూర్చో ముందు," అంటూ ఆమె జుట్టులో చిక్కిన గడ్డిపరకలు ఒక్కొక్కటే తీశాడు. ఆయన భుజాలు నవ్వుతో ఊగుతున్నాయి. "చూపు ఆననివాడు పేలుస్తుంటే అంత దగ్గర్లో పడుకున్నావు. నా గుండు నీకు తగుల్తుందని భయం లేదూ?"

"నీ గుండు నాకెందుకు తగుల్తుంది?" అంది ఆమె రోషంగా, ఆయన గురిని ఎవరో వెక్కిరించినట్టు.

"తగలదులే. మూడేళ్లుగా నా తూటాల్లో మోతే తప్ప గుండు లేనే లేదు."